షిప్ అంటే ఓడేనా? ఒక మాట మీద అపోహలు - వాస్తవాలు

విశాఖలో "మావాడు షిప్పులో చేస్తున్నాడు" అంటే ఎవరూ వివరణ అడగరు. పోర్టు, షిప్‌యార్డు, నేవీ, మర్చంట్ నేవీ... వీటిలో ఏదో ఒకదానితో సంబంధం ఉన్న ఇళ్లు ఇక్కడ చాలా. మాట అంత దగ్గరిది కావడం వల్లే, దాన్ని ఇంగ్లిష్‌లో వాడేటప్పుడు మనకు అనుమానమే రాదు. ఇంటర్వ్యూలకు ఇంగ్లిష్ నేర్పేటప్పుడు మాకు తరచూ తగిలే పొరపాట్లు ఇవి.

అపోహ: ఫ్రెండ్‌షిప్, స్కాలర్‌షిప్ లాంటి మాటల్లోని షిప్ కూడా ఓడే.

"ఒకే ఓడలో ఇద్దరు స్నేహితులుంటే అది ఫ్రెండ్‌షిప్" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. చమత్కారం వరకు బాగుంది, వ్యుత్పత్తిగా మాత్రం తప్పు. ఆ షిప్ ఒక ప్రత్యయం. పాత ఇంగ్లిష్‌లో దాన్ని ఇంచుమించు "షిపె" అనేవారు, ఓడను "షిప్" అనేవారు. చివరి అచ్చు రాలిపోయి రెండూ ఒకేలా మిగిలాయి. ప్రత్యయానికి చుట్టం "షేప్". మన పెద్దరికంలో "రికం", సభ్యత్వంలో "త్వం" ఏ పని చేస్తాయో ఇదీ అదే చేస్తుంది. జర్మన్‌లో ఈ తేడా ఇప్పటికీ చెవికి వినిపిస్తుంది: ఓడ "షిఫ్", ప్రత్యయం "షాఫ్ట్".

వర్షిప్ కూడా ఈ వంశమే. వర్త్‌కు షిప్ చేరితే మొదట యోగ్యత, గౌరవం అని అర్థం. పూజ అనే అర్థం తర్వాత స్థిరపడింది. ల్యాండ్‌స్కేప్ డచ్ నుంచి వచ్చింది. అందులోని "స్కేప్" ఈ ప్రత్యయానికి తోబుట్టువు. అసలు ఓడ వైపు చుట్టాలు వేరే ఉన్నాయి. స్కిప్పర్ అంటే డచ్‌లో ఓడవాడు. ఫ్లాగ్‌షిప్ అంటే అడ్మిరల్ జెండా ఎగిరే ఓడ. "ఫ్లాగ్‌షిప్ ఫోన్", "ఫ్లాగ్‌షిప్ పథకం" ఆ గౌరవాన్ని అరువు తెచ్చుకున్నవే.

అపోహ: "ఐ షిప్ దెమ్" అంటే వాళ్లను ఓడలో పంపిస్తాను అని.

వాళ్లిద్దరూ జంటైతే బాగుండు అని. 1990లలో ఒక అమెరికన్ టీవీ సీరియల్ అభిమానుల్లో, నాయికా నాయకులు ఒకటవ్వాలని కోరుకునేవాళ్లను రిలేషన్‌షిప్పర్లు అన్నారు. అది షిప్పర్లుగా కుదించుకుపోయి, అందులోంచి షిప్ అనే క్రియ పుట్టింది. కాబట్టి ఈ యాస షిప్‌కు ఓడతో రక్తసంబంధం లేదు. ఇప్పుడు నిఘంటువులూ దీనికి చోటిచ్చాయి.

షిప్పింగ్ ఏజెన్సీలో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు మాత్రం జాగ్రత్త. అక్కడి కాగితాల్లో షిప్పర్ అంటే సరుకు పంపే పార్టీ. ఓడ యజమాని అనుకుంటే లెక్క తప్పినట్టే. సరుకు మోసేది క్యారియర్, అందుకునేది కన్‌సైనీ. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ సరుకుకు ఇచ్చే రసీదు పత్రంలో) ఈ గడులు తారుమారైతే సరుకు విడిపించుకోవడమే కష్టమవుతుంది.

అపోహ: "షిప్‌లో ఉన్నాను" అంటే "ఐ యామ్ ఇన్ షిప్".

తెలుగు "లో" ఇక్కడ దెబ్బకొడుతుంది. "ఆన్ ఎ షిప్" లేదా "ఆన్ బోర్డ్" అనాలి. కానీ ఓడ లోపలి గదుల దగ్గరికి వస్తే "ఇన్" సరైనదే: ఇన్ ది ఇంజిన్ రూమ్, ఇన్ ది క్యాబిన్.

దీనికంటే ప్రమాదకరమైనది "జంప్ షిప్". ఆఫీసు ఉద్యోగి ఆ మాటంటే కంపెనీ మారాడని అర్థం. అదే మాట సీమన్ నోట వస్తే మాత్రం, కాంట్రాక్టు మధ్యలో అనుమతి లేకుండా ఓడ దిగి పరారయ్యాడని! సీడీసీలో (సీమన్ సర్వీసు రికార్డు పుస్తకంలో) తేదీలన్నీ ఉంటాయి కాబట్టి, "ఐ సైన్డ్ ఆఫ్ ఆఫ్టర్ కంప్లీటింగ్ మై కాంట్రాక్ట్" అని నేరుగా చెప్పండి.

అపోహ: ఐఎన్‌ఎస్ అని పేరున్న ప్రతిదీ షిప్పే.

ఆర్కే బీచ్‌లోని సబ్‌మెరైన్ ఐఎన్‌ఎస్ కుర్సురాను చూడండి. 1969లో నేవీలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయింది. ఐఎన్‌ఎస్ అంటే ఇండియన్ నేవల్ షిప్, అందులోని ఎస్ షిప్పే. అయినా నావికులు సబ్‌మెరైన్‌ను బోట్ అనే అంటారు. తొలినాటి సబ్‌మెరైన్లు చిన్నవి, ఆ అలవాటు పోలేదు. ఇక "ఐఎన్‌ఎస్ షిప్" అంటే షిప్ రెండుసార్లు చెప్పినట్టే.

అపోహ: ఓడను "షి" అనే తీరాలి.

తెలుగులో ఆమె వచ్చింది, అది వచ్చింది, రెంటికీ క్రియ ఒకటే కాబట్టి మనకు ఈ చిక్కు లేదు. ఇంగ్లిష్‌లో ఎంచుకోవాలి. 1734లో మొదలైన లాయిడ్స్ లిస్ట్ అనే నౌకా వార్తల పత్రిక 2002లో "షి" మాని "ఇట్"కు మారింది. నావికుల్లో "షి" ఇంకా బతికే ఉంది. రాసేటప్పుడు "ఇట్" వాడండి. పాత ఇంగ్లిష్‌లోనూ ఈ మాట నపుంసక లింగమే.

అపోహ: ఆర్డర్ "షిప్డ్" అని చూపిస్తే ఓడెక్కినట్టు.

బయల్దేరిందని మాత్రమే. లారీ అయినా సరే. రుషికొండ ఐటీ ఆఫీసుల్లో "ఫీచర్ షిప్ చేశాం" అంటే వాడకందారులకు విడుదల చేశామని.

అపోహ: "అరకాసు తారుకు లోభపడి షిప్ పోగొట్టుకోకు" అనే ఇంగ్లిష్ సామెత నావికులది.

అది కాపరులది. గొర్రెల పుండ్లకు తారు పూసేవారు. తారు లేకపోతే పుండు ముదిరి గొర్రె చస్తుంది. కొన్ని మాండలికాల్లో షీప్‌ను షిప్ అనే పలకడంతో, వినేవాళ్లు గొర్రెను ఓడ చేసేశారు.