ముందు తీసిన గుప్పెడు

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో మీ అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళ నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి.

పోయిన ఆదివారం ఫోన్‌లో పెద్దది ఒక మాట అడిగింది. "ఆరున్నరకి కాలేజీ బస్సు. ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఏడు. అప్పట్నుంచి రికార్డులు, అసైన్‌మెంట్లు. బైబిలు చదవడానికి, ప్రార్థన చేసుకోవడానికి టైమెక్కడుంది అమ్మమ్మా?" నేను ఆలోచించకుండా "ఇంకో అరగంట ముందు లేవమ్మా" అనేశాను. ఫోను పెట్టేశాక ఆ జవాబు నాకే నచ్చలేదు. వారం రోజులుగా మనసు అక్కడే తిరుగుతోంది. అందుకే ఈ ఉత్తరం. మీ సండే స్కూలు స్నేహితులకి కూడా చదివి వినిపించండి.

మా అమ్మ పొయ్యి పక్కన బియ్యం కుండ ఉండేది. దాన్ని ఆనుకుని మూతపెట్టిన ఒక చిన్న ముంత. పొయ్యి మీద ఎసరు పెట్టి, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేది. కడగబోయే ముందు ఒక గుప్పెడు తీసి ఆ ముంతలో వేసేది. శనివారానికి ముంత నిండేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్ళేవి. మేం ఐదుగురం పిల్లలం. ఆ గుప్పెడు తీసినందువల్ల మా కంచాల్లో తగ్గిన రోజులున్నాయి. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "అన్నం మిగిలినప్పుడు ఇవ్వొచ్చు కదమ్మా?" అని. "మనింట్లో అన్నం ఎప్పుడు మిగిలిందే?" అంది అమ్మ, ఎసట్లో బియ్యం పోస్తూ.

నాకిప్పుడు 76 ఏళ్ళు. టైము దానంతటది మిగిలిన రోజు నా జీవితంలో ఒక్కటి కూడా గుర్తులేదు. చదువుకునేటప్పుడు మిగల్లేదు, ఉద్యోగంలో మిగల్లేదు. రిటైరయ్యాక మిగులుతుందనుకున్నాను, అదీ జరగలేదు. మిగిలాక దేవుడికిద్దామని చూస్తే ఆయనకి అందేది మాడు చెక్కే. వండకముందే తీసి పక్కన పెట్టాలి. ఎంత అన్నది తర్వాతి సంగతి. అమ్మ తీసింది గుప్పెడే.

ఆ గుప్పెడు పూర్తిగా ఇవ్వడం ఎలాగో నాకు గుడిలో కాదు, ఆసుపత్రి వార్డులో తెలిసింది. నర్సు ట్రైనింగులో చేరిన కొత్తలో సిస్టర్ ట్యూటర్‌గారు మాకు నాడి చూడటం నేర్పారు. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, సెకన్ల ముల్లు చూస్తూ ఒక నిమిషమంతా లెక్కపెట్టాలి. వార్డులో 40 మంచాలు. మేం 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసి చార్టులో రాసేసేవాళ్ళం. చాలాసార్లు ఆ లెక్క సరిపోయేది కూడా. ఒకరోజు నేను 72 అని రాసిన పేషెంటు చెయ్యి ఆవిడ పట్టుకుని నిమిషం సేపు నిలబడ్డారు. తర్వాత నా వేళ్ళు తీసుకుని అక్కడే పెట్టించి "ఇప్పుడు చూడు" అన్నారు. అరనిమిషం దాటాక ఒక దెబ్బ పడాల్సిన చోట పడలేదు. ఇంకాసేపటికి మళ్ళీ ఒకటి తప్పింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. డాక్టరుగారికి కబురు పంపి పక్క మంచానికి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నేను నిమిషం తగ్గించలేదు. తగ్గించకపోవడం వల్ల ఇంకోటి కూడా తెలిసింది. ఆ నిమిషం సేపు పేషెంటు చెయ్యి మన చేతిలో ఉంటుంది. రోజంతా ఎవరూ పలకరించని ముసలివాళ్ళు, చెప్పాలనుకున్నది సరిగ్గా ఆ నిమిషంలోనే చెప్పేవాళ్ళు.

కాబట్టి తల్లీ, అరగంట అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. లేచాక, ఫోను ముట్టుకోకముందు, ఐదు నిమిషాలు చాలు. అందులో హెచ్చవేతలు వద్దు. ఒక కీర్తనో, ఒక సువార్త భాగమో నిదానంగా చదువుకో. చదివినదాన్ని పట్టుకుని ప్రభువుతో నాలుగు మాటలు మాట్లాడు. మిగిలిన 23 గంటల 55 నిమిషాల్లో నువ్వు చదివే లెక్కలూ, రాసే రికార్డులూ ఆయనకి పరాయివని మాత్రం అనుకోకు. ఆ సంగతి కింద చెప్తాను.

ముందు యాయీరు కథ. మార్కు సువార్త 5వ అధ్యాయంలో ఉంది. క్యాజువాలిటీలో పనిచేసిన రోజుల్లో ఈ కథ నాకు మింగుడుపడేది కాదు. యాయీరు యూదుల సమాజమందిరపు అధికారి. ఆయన కూతురు, 12 ఏళ్ళ పిల్ల, చావుబతుకుల్లో ఉంది. యేసుప్రభువు బయల్దేరారు. దారిలో 12 ఏళ్ళుగా రక్తస్రావంతో నలిగిపోయిన ఒకావిడ వెనకనుంచి వచ్చి ఆయన వస్త్రాన్ని ముట్టుకుంది. బాగైపోయింది. అక్కడితో ఆయన సాగిపోవచ్చు కదా! ఆగిపోయారు. నన్ను ముట్టుకున్నదెవరని చుట్టూ చూశారు. ఆవిడ వణుకుతూ వచ్చి తన సంగతంతా చెప్పేదాకా నిలబడ్డారు. నర్సుగా చూస్తే ఇది పూర్తిగా తలకిందులు. 12 ఏళ్ళ జబ్బు ఇంకో గంట ఆగుతుంది, పోతున్న ప్రాణం ఆగదు. ఆయన మాట్లాడుతుండగానే పిల్ల చనిపోయిందని కబురు కూడా వచ్చేసింది. ఆ కాసేపు యాయీరు కాళ్ళు ఎలా నిలబడ్డాయో అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

కొన్నేళ్ళు పట్టింది నాకు అర్థం కావడానికి. ఆవిడ ఒళ్ళు బాగైంది, నిజమే. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం అన్నేళ్ళూ ఆవిడ అపవిత్రురాలు. ఆవిడ్ని తాకితే అవతలివాళ్ళకీ అశుద్ధమే. అలాంటి మనిషిని అంతమంది ముందు "కుమారీ" అని పిలవడానికి ఆయన ఆగారు. తర్వాత వెళ్ళి పిల్లను చెయ్యి పట్టుకుని లేపారు. దానికి తినడానికేమైనా పెట్టమని కూడా చెప్పారు. బహిరంగంగా పరిచర్య చేసింది మూడేళ్ళో మూడున్నరేళ్ళో. అంత కొద్ది సమయమున్న ఆయన సువార్తల్లో ఎక్కడా గాభరా పడుతూ కనిపించరు. పనుల మీద పనులు ఇరికించుకోవడమే సమయాన్ని బాగా వాడటం అనుకునేవాళ్ళు ఈ ఒక్క అధ్యాయం పదిసార్లు చదవాలి.

ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు "సమయమును పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు" నడుచుకోమన్నాడు. ఆయన వాడిన గ్రీకు మాట బజారు మాట, దొరికిన సరుకును విడిచిపెట్టకుండా కొనేసుకోవడం. సమయానికి కూడా ఆయన గడియారం తిరిగే కాలమనే మాట వాడలేదు, కైరోస్ అన్నాడు. మన పల్లెల్లో దానికి చక్కటి మాట ఉంది, అదను. మీ తాతయ్య వాళ్ళది నల్లరేగడి చేను. వానలు వెనకబట్టాక ఆ నేలలో ఉన్న తేమ మీదే శనగ మొలవాలి, పెరగాలి. పదును ఆరిపోయాక బంగారం లాంటి విత్తనాలు తెచ్చి చల్లినా లాభం లేదు. మీ తాతయ్య ఆ వారం పది రోజులు పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళేవారు కాదు. అదే మనిషి ఎండాకాలంలో వేపచెట్టు కింద మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయేవారు. ఆ నిద్ర కూడా నాకు దండగగా కనిపించలేదు. తన ప్రియులు నిద్రపోతుండగానే దేవుడు వాళ్ళకి ఇస్తాడని 127వ కీర్తనలో లేదూ? రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూస్తూ పడుకోవడాన్ని మాత్రం ఈ లెక్కలో వేయకండి. ఎన్ని గంటలు చూశారో ఆ ఫోనే చెప్తుందట కదా. శనివారం రాత్రి ఒకసారి ఆ అంకె చూసి, ప్రభువుతో దాని గురించి మీరే మాట్లాడుకోండి. నేను అడగను.

చదువు ఆయనకి పరాయిది కాదన్నానే, దానికి మా ఒంగోలు కథ చెప్తాను. ఊళ్ళో కొండ మీద 1854 జనవరి 1న తెల్లవారకముందు ఐదుగురు ప్రార్థన చేశారు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. అప్పటికి ఒంగోలుకి మిషనరీ లేడు. అసలు ఆ తెలుగు మిషన్‌నే మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు తర్జనభర్జన పడుతున్న రోజులవి. ఈ ఐదుగురు కొండెక్కి, కింద కనిపిస్తున్న ఊరిని చూస్తూ, ఇక్కడికొక సేవకుణ్ణి పంపమని అడిగారు. వాళ్ళడిగిన ఆ సేవకుడు, మిషనరీ క్లౌ దొర, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. అంటే 12 ఏళ్ళు. యాయీరు కూతురి వయసంత.

క్లౌ గారు సేవకి రాకముందు, కుర్రవాడిగా అమెరికాలో సర్వే పని నేర్చుకున్నారు. అడవుల్లో గొలుసులు పట్టుకుని నేల కొలిచే పని. సేవకుడయ్యాక దాంతో ఏం పని అనుకుని ఉండొచ్చు. 1876 నుంచి 1878 దాకా మన వైపు ఘోరమైన కరువొచ్చింది. అప్పుడు బకింగ్‌హాం కాలవ తవ్వుతున్నారు. ఆయన దాంట్లో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి ఇప్పించారు. తవ్వకం కొలతలు తెలిసిన మనిషి కాబట్టి ఆ పని నెత్తిన వేసుకోగలిగారు. ఇంకో మాట కూడా గమనించండి. తిండి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని, కరువు రోజుల్లో ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. జనం అడుగుతున్నా ఆగారు. కరువు తీరాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. కొండ మీద ప్రార్థన జరిగి అప్పటికి 24 ఏళ్ళు దాటాయి. ఆ చలి తెల్లవారుజామున ఐదుగురు పెట్టిన సమయాన్ని ఏ లెక్కలో రాస్తాం?

నీ ఇంజనీరింగు, తమ్ముడి లెక్కలు, చిన్నదాని కుట్టుపని ఎక్కడ ఎవరి ఆకలికి అక్కరకొస్తాయో మీకిప్పుడు తెలియదు. తెలియకపోయినా శ్రద్ధగా నేర్చుకోండి. ఇది మీకు నేర్చుకునే అదను. పదేళ్ళప్పుడు కంఠత పట్టిన 121వ కీర్తన నాకు 40 ఏళ్ళ నైట్ డ్యూటీల్లో తోడుంది. 50 దాటాక పట్టిన వాక్యాలు వారం నిలవడం లేదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. రాయకుండా ఉత్తరం ముగించేద్దామా అని కూడా అనిపించింది.

మీ అమ్మ చిన్నప్పుడు నేను స్త్రీల సమాజానికి సెక్రటరీని. డ్యూటీ దిగితే ఇంటింటి ప్రార్థనలు, మీటింగులు, ఈస్టరుకి ముందు శ్రమదినాల్లో 40 రోజులూ ఏదో ఒక ఇంట్లో కూడిక. వాక్యం బాగా చెప్తానని పేరుండేది. మా అత్తయ్యకి అప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆవిడకి బైబిలంటే ప్రాణం, చదువుకోలేకపోయేది. "అమ్మాయ్, ఒక్క అధ్యాయం చదివిపెట్టవూ?" అని అడిగేది. "వచ్చాక చదువుతాను అత్తయ్యా" అని బ్యాగు తీసుకుని వెళ్ళిపోయేదాన్ని. వచ్చేసరికి ఆవిడ నిద్రపోయేది.

ఒక సాయంత్రం కూడిక రద్దయి తొందరగా ఇంటికొచ్చాను. వాకిట్లో చెప్పులు విప్పుతుంటే లోపల్నుంచి చదువు వినబడింది. పక్కింటి పిల్లాడు, ఏడో తరగతి, గుడికి వచ్చే కుటుంబం కూడా కాదు, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కీర్తనలు చదువుతున్నాడు. అత్తయ్య వాడి చేతిలో రెండు బెల్లంముక్కలు పెట్టి, కళ్ళు మూసుకుని వింటోంది. నేను లోపలికి వెళ్ళలేక గడప దగ్గరే కూర్చుండిపోయాను. ఊరందరికీ వాక్యం చదివిపెడుతున్న నేను ఆవిడకి ఎన్నాళ్ళుగా చదవలేదో లెక్కపెట్టుకున్నాను. తల్లిదండ్రులకి అందాల్సింది "దేవుడికి ఇచ్చేశాం" అని తప్పించుకునేవాళ్ళని యేసుప్రభువు గద్దించిన మాట మార్కు 7వ అధ్యాయంలో ఉంది. దాని మీద నేను రెండుసార్లు ప్రసంగం కూడా చేశాను.

ఆ నెలే సెక్రటరీ పని ఇంకొకరికి అప్పగించాను. ఆదికాండంతో మొదలుపెట్టి, నైట్ డ్యూటీ లేని ప్రతి రాత్రీ ఒక అధ్యాయం. అన్నాలకు ముందే చదివేవాళ్ళం, తర్వాత అని పెట్టుకోలేదు. బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజూ కుదిరినా మూడేళ్ళ పైన పట్టే పని, మాకు తొందర లేదు. రూతు గ్రంథం వచ్చినరోజు మాత్రం అత్తయ్య ఊరుకోలేదు, నాలుగు అధ్యాయాలూ ఒకేసారి చదివించుకుంది. చదవడం అయ్యాక చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

ఏడాదిన్నరకి నెహెమ్యా మూడో అధ్యాయానికి వచ్చాం. యెరూషలేము గోడ ఎవరెవరు ఎంతెంత కట్టారో ఆ పేర్ల పట్టిక. పలకడానికే కష్టమైన పేర్లు. "ఇది వదిలేసి నాలుగోది చదవనా అత్తయ్యా?" అన్నాను. వద్దంది. చదువుతున్నాను. ఫలానావాడు తన ఇంటికి ఎదురుగా బాగుచేశాడు, ఫలానావాడు తన ఇంటికి ఎదురుగా బాగుచేశాడు. ఇంకొకడు తన గదికి ఎదురుగా. "ఆగు," అంది అత్తయ్య. "అంత గోడ అట్లా కట్టారా? ఎవడింటి ముందుది వాడు?" అవునన్నాను. "ఎన్నాళ్ళు పట్టింది?" నేను ముందుకు తిప్పి ఆరో అధ్యాయంలో చూసి చెప్పాను, 52 రోజులని. "మళ్ళీ మొదట్నుంచి చదువు" అంది. చదివాను.

మర్నాటినుంచి నాకు నైట్ డ్యూటీ. అది పూర్తికాకముందే ఒక తెల్లవారుజామున ఆవిడ నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ బైబిలు నా దగ్గరే ఉంది. మూడో అధ్యాయం దగ్గర అప్పుడు పెట్టిన ఆసుపత్రి చీటీ ముక్క ఇంకా అలాగే ఉంది. క్రిస్మస్ సెలవులకి వచ్చినప్పుడు నాలుగోది మీరు చదివి వినిపిద్దురుగాని.

ప్రార్థనలో మిమ్మల్ని తలుచుకునే
మీ అమ్మమ్మ