పీత వీపు మీద కోపిష్ఠి మొహం

హైకేగానీ అనే జపాన్ పీత ఫోటో నాకు ఏటా ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. వీపు మీద కనుబొమలు ముడిచిన సమురాయ్ మొహం. 1185లో దన్-నో-ఉరా నౌకాయుద్ధంలో మునిగిపోయిన హైకే వంశపు యోధులే ఇలా పుట్టారని కథ. కథతో నాకు పేచీ లేదు, దానికి వేసిన సైన్సు వేషంతోనే. మొహమున్న పీతల్ని జాలర్లు భయపడి నీళ్లలో వదిలేశారట, లేనివాటిని తినేశారట, అలా మొహాలు తేరాయట! 1952లో జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ ఇలా రాశాడు, 1980లో ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ టీవీలో చెప్పాడు. కానీ దీని డొప్ప మహా అయితే మూడు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. తినడానికి అందులో ఏముంది? మొహమున్నా లేకపోయినా వలలోంచి తీసి పారేసేవే. 1993లో పీతల్ని అధ్యయనం చేసే జోయెల్ మార్టిన్ ఈ సంగతే ఎత్తి చూపాడు.

మరి మొహం ఎక్కడిది? పీతకి ఎముకల్లేవు, కాబట్టి కండరాలు లోపలి నుంచి డొప్పనే పట్టుకోవాలి. పట్టుకున్న చోట డొప్ప లోపలికి కుంగుతుంది, పైనుంచి చూస్తే అది గాడి. గాడుల మధ్య ఉబ్బెత్తులకు కింద అవయవాలుంటాయి: ముందు జీర్ణకోశం, మధ్యలో గుండె, రెండు పక్కలా మొప్పలు. మనం ముక్కు అనుకునేది గుండె మీది గుబ్బ. బుగ్గలు మొప్పల గదులు. పీత కుబుసం విడిచి కొత్త డొప్ప తొడుక్కున్నా కండరాలు మారవు కాబట్టి అదే మొహం మళ్లీ వస్తుంది. ఫోటోని తలకిందులుగా తిప్పండి, సమురాయ్ మాయం, గాడులు మాత్రం అక్కడే.

ఈ పీతది డోరిప్పిడే కుటుంబం. చివరి రెండు జతల కాళ్లు చిన్నవై వీపు మీదికి ఎక్కి ఉంటాయి. వాటితో గవ్వచిప్పనో ఆకునో గొడుగులా పట్టుకుని తిరుగుతాయి. పూర్వం నోటి చట్రం ముక్కోణంగా ఉందని వీటిని వేరే పీతలతో కలిపి ఆక్సిస్టొమాటా అనే వర్గంలో వేశారు. ఇప్పుడు చూసేది జనన రంధ్రాలు: ఆడదానికి రొమ్ము పలక మీద, మగదానికి కాలి మొదట్లో. అందుకే హెటిరోట్రిమాటా అనే వర్గంలో చేర్చారు. ఇథూసిడే అనే పీతలు ఒకప్పుడు డోరిప్పిడేలోనే ఉపకుటుంబం, ఇప్పుడు వేరు కాపురం.

రాతిలో మెత్తని భాగాలు మిగలవు, కాళ్లు విరిగిపోతాయి. తరచూ డొప్పే దక్కుతుంది, అంటే ఆ గాడుల పటమే. సమురాయ్‌ని గీసిన గాడులే శిలాజంలో గుండె, మొప్పల జాగా చూపిస్తాయి. ఈ కుటుంబానికి దగ్గరి బంధువైన టెలమోనోకార్సినస్ అనే పీత లెబనాన్‌లో క్రెటేషియస్ (డైనోసార్ల చివరి యుగం) నాటి రాళ్లలో దొరికింది. 2015లో శిలాజ శాస్త్రవేత్త హావియర్ లూకే కొలంబియా నుంచి వర్ణించిన టెలమోనోకార్సినస్ ఆంటిక్వస్ ఇంకా పాతది, సుమారు 11 కోట్ల ఏళ్ల నాటిది.