హెర్డ్ ఇమ్యూనిటీ గొడవ: అసలు మలుపు మనౌస్‌లో

‘టీకాలు వేసుకున్నా కోవిడ్ వచ్చింది కదా, మరి హెర్డ్ ఇమ్యూనిటీ ఏమైంది?’ అన్న ప్రశ్న మళ్లీ లేచింది. టీకాతోనో, జబ్బు సోకో చాలామందికి రక్షణ వచ్చి వ్యాప్తి దానంతటదే తగ్గిపోవడమే హెర్డ్ ఇమ్యూనిటీ. ‘జబ్బును దాని మానాన వదిలేస్తే ఎప్పుడో అయిపోయేది’ అన్న పాత వాదన కూడా వెంటే వచ్చింది. వూహాన్, లాక్‌డౌన్ల కథ అందరికీ తెలిసిందే. ఈ గొడవ అర్థం కావాలంటే బ్రెజిల్‌లోని మనౌస్‌లో ఏం జరిగిందో చూడాలి.

అమెజాన్ అడవి నడుమ సుమారు 20 లక్షల మంది ఉండే నగరం అది. 2020 ఏప్రిల్, మే నెలల్లో వైరస్ అక్కడ ఊరంతా చుట్టేసింది. శ్మశానంలో యంత్రాలతో పొడవాటి గోతులు తవ్వి శవపేటికలను పక్కపక్కనే పూడ్చారు. తర్వాత కేసులు తగ్గాయి. రక్తదాతల నమూనాల్లో యాంటీబాడీలు పరీక్షించిన శాస్త్రవేత్తలు, అక్టోబర్ నాటికి 76 శాతం మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు.

లెక్క ప్రకారం అది సరిపోవాలి. ఒకరి నుంచి సగటున ముగ్గురికి అంటుకునే జబ్బయితే, ఆ ముగ్గురిలో ఇద్దరికి రక్షణ ఉంటే చాలు, వ్యాప్తి పెరగదు. అంటే సుమారు 67 శాతం. తట్టు 12 నుంచి 18 మందికి పాకుతుంది కనుక దానికి 95 శాతం దాకా కావాలి. అయితే వచ్చిన రక్షణ నిలిచి, వైరస్ మారకుండా ఉంటేనే ఈ లెక్క పనిచేస్తుంది.

2021 జనవరిలో మనౌస్‌లో ఆ లెక్క తప్పింది. గామా వేరియంట్‌తో, అంటే వైరస్ మారిన రూపంతో, రెండో వేవ్ మొదటిదాన్ని మించి విరుచుకుపడింది. ఆసుపత్రుల్లో ఆక్సిజన్ నిండుకుంది. ఇంట్లోవాళ్ల ఊపిరి నిలబెట్టడానికి జనం ఖాళీ సిలిండర్లు మోసుకొచ్చి క్యూ కట్టారు. కొందరు రోగులను విమానాల్లో వేరే రాష్ట్రాలకు తరలించారు.

దీనికి మూడు నెలల ముందే లాక్‌డౌన్లను వ్యతిరేకించిన కొందరు శాస్త్రవేత్తల ప్రకటన, గ్రేట్ బారింగ్టన్ డిక్లరేషన్, వచ్చింది. ముప్పు ఎక్కువున్నవాళ్లను కాపాడుతూ మిగతావాళ్లను మామూలుగా తిరగనివ్వాలన్నది దాని సారాంశం. లాక్‌డౌన్లతో పిల్లల చదువులకు, పేదల బతుకులకు దెబ్బ తగిలిందన్న వాళ్ల మాట నిజమే. రక్తదాతలను చూసి ఊరంతటి లెక్క కట్టలేమన్న అభ్యంతరమూ ఉంది. అంచనాను కాస్త తగ్గించుకున్నా, సోకనివ్వడమే దారి అయితే దానికి కట్టిన మూల్యం ఆ గోతుల్లోనే కనిపిస్తుంది.

టీకాల వైపువాళ్లూ మొదట్లో ఒక తప్పు చేశారు. 70 శాతం మందికి వేస్తే వ్యాప్తి ఆగిపోతుందన్న ఆశ పెట్టారు. డెల్టా, ఒమిక్రాన్ వచ్చాక ఆ అంకెకు అర్థం లేకుండా పోయింది. టీకాలకు ఇన్ఫెక్షన్‌ను ఆపే శక్తి నెలల్లోనే తగ్గింది, ప్రాణం కాపాడే శక్తి మాత్రం చాలావరకు నిలిచింది. తొలి ఏడాదిలోనే టీకాలు 185 దేశాల్లో 1.98 కోట్ల మరణాలను ఆపాయని లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్‌లో 2022లో వచ్చిన అధ్యయనం అంచనా.

‘మశూచి పోయింది కదా’ అంటారు. ఆ కథ వేరు. 1966 చివర్లో తూర్పు నైజీరియాలో టీకాలు చాలక, అమెరికా డాక్టర్ విలియం ఫేగీ బృందం రోగులను వెతికి పట్టుకుని వాళ్ల చుట్టుపక్కల వాళ్లకే వేసింది. వ్యాప్తి ఆగింది. మశూచి ఒంటి మీద కనిపిస్తుంది, జంతువుల్లో దాక్కోదు. కోవిడ్ లక్షణాలు కనపడకముందే అంటుకుంటుంది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది. మరణాలు, ఆసుపత్రి చేరికలు తగ్గాయని, జనంలో రోగనిరోధక శక్తి బాగా పెరిగిందని కారణాలు చెప్పింది. వైరస్ అప్పటికీ తిరుగుతూనే ఉంది.