కరువు చూసిన పెద్దవ్వ

1993లో టాంజానియాలోని తరంగీరే నేషనల్ పార్కులో వానలు ముఖం చాటేశాయి. అక్కడ పరిశోధకులు మూడు ఏనుగుల గుంపులను గమనిస్తూ ఉన్నారు. మూడింట్లో కలిపి 81 పిల్లలుంటే, తొమ్మిది నెలల్లో 16 చనిపోయాయి. మామూలు ఏడాదిలో నూటికి రెండు పోయే చోట ఆ ఏడు నూటికి ఇరవై పోయాయి. అయితే చావులు మూడు గుంపుల్లోనూ ఒకేలా లేవు. రెండు గుంపులు కరువు ముదురుతుండగానే పార్కు హద్దు దాటి వెళ్లిపోయాయి. మూడోది అక్కడే ఉండిపోయింది. చనిపోయిన 16 పిల్లల్లో 10 ఆ ఉండిపోయిన గుంపువే.

వెళ్లిపోయిన గుంపులను నడిపించిన ఆడ ఏనుగుల వయసు 45, 38. ఉండిపోయిన గుంపు పెద్దకు 33. తరంగీరేలో అంతకుముందు అంత పెద్ద కరువు వచ్చింది 1958 నుంచి 1961 వరకు. మొదటిదానికి అప్పటికి పదేళ్లు. రెండోది తల్లి కాళ్ల మధ్య నడిచే పిల్ల. మూడోది ఆ కరువు నడుమ పుట్టిందే తప్ప, దాన్ని గుర్తుపెట్టుకునే వయసు దానికి లేదు. కరువులో ఎటు పోతే నీళ్లు దొరుకుతాయో ముందటి కరువులో తల్లుల వెంట నడిచిన ఏనుగులకు గుర్తుండి ఉంటుందని చార్ల్స్ ఫోలీ బృందం 2008లో రాసింది. ముప్పై ఏళ్ల పాటు ఏ అవసరమూ పడని ఒక దారి, అవసరం పడ్డ రోజున తలపుకు వచ్చిందన్నమాట.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే ‘ఈసారి పర్వాలేదు’ అనుకునే అనంతపురం జిల్లాలో పెరిగినవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. గంజి కరువు చూసిన ముసలివాళ్లు మా ఊళ్లో ఉన్నంతకాలం, కరువులో అసలు చిక్కు ఎప్పుడు కదలాలన్నదేనని చెప్పేవాళ్లు. ‘ఈ మబ్బును నమ్మొద్దు నాయనా. ఎద్దుల్ని తోలుకపోయేదుంటే ఇప్పుడే పోండి. గడ్డంతా అయిపోయినాక బయల్దేరితే దోవలోనే పడిపోతాయి’ అనేది మా అవ్వ. ఆ మాటకు వెనక లెక్కలుండవు, రికార్డులుండవు. చిన్నప్పుడు చూసిన కరువొక్కటే ఉంటుంది. ఆఫ్రికా ఏనుగుల గురించి చదివే కొద్దీ ఆ జంతువు శరీరం, కాపురం, బతుకు అంతా ఇలాంటి జ్ఞాపకం చుట్టూనే అల్లుకుని ఉన్నట్టు అనిపిస్తుంది.

ముందు ఒక విషయం. మన పక్కనే చిత్తూరు జిల్లా కౌండిన్య అడవిలో తిరిగేవి, గుళ్లలో ఊరేగింపులకు వచ్చేవి ఆసియా ఏనుగులు. ఆఫ్రికా ఏనుగుల జాతి వేరు. వాటిలోనూ రెండు రకాలున్నాయి. గడ్డి మైదానాల్లో తిరిగే సవన్నా ఏనుగు ఒకటి, మధ్య, పశ్చిమ ఆఫ్రికా దట్టమైన అడవుల్లో ఉండే అడవి ఏనుగు ఇంకొకటి. ఈ వ్యాసంలో చెప్పేది సవన్నా ఏనుగు గురించి. దాని చెవులు చాలా పెద్దవి, వీపు మధ్యలో కొంచెం పల్లంగా ఉంటుంది, ఆడవాటికి కూడా దంతాలుంటాయి. తొండం చివర మన ఏనుగుకు వేలులాంటి మొన ఒకటే ఉంటే దీనికి రెండు. ఆ రెండింటితో నేల మీద రాలిన చిన్న కాయను కూడా గిల్లి ఎత్తుకుంటుంది.

ఎదిగిన ఏనుగు రోజుకు 100 నుంచి 200 లీటర్ల నీళ్లు తాగుతుంది. సుమారు 150 కిలోల మేత తింటుంది. తిన్నదాంట్లో సగం కూడా ఒంటపట్టదు కాబట్టి రోజులో మూడొంతుల సేపు మేస్తూనే ఉండాలి. ఇంత దప్పిక, ఇంత ఆకలి ఉన్న జంతువు ఏడాదికి 350 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని కెన్యాలోని అంబోసెలి లాంటి చోట ఎలా నెగ్గుకొస్తోంది?

ఎండిన ఏటిలో అది నీళ్లు తీసే తీరు చూస్తే కొంత తెలుస్తుంది. మన చిత్రావతిలో, పెన్నలో చెలమ తీసినవాళ్లెవరైనా దాన్ని గుర్తుపడతారు. ముందు తొండాన్ని ఇసుక మీద ఆనించి వాసన చూస్తూ కొంతదూరం నడుస్తుంది. ఒకచోట ఆగి ముందరి కాలితో ఇసుకను వెనక్కి గీరుతుంది. గుంత కాస్త లోతయ్యాక తొండాన్ని వంచి తడి ఇసుకను ఎత్తి పక్కన పోస్తుంది. తొండం మూర లోపలికి దిగేసరికి నీళ్లు ఊరడం మొదలవుతుంది. మొదట వచ్చేది మడ్డి నీళ్లు. దాన్ని పీల్చి బయటికి చిమ్మేసి, మళ్లీ ఊరేదాకా నిలబడుతుంది. మేము చెలమ దగ్గర కొబ్బరి చిప్ప పట్టుకుని కూర్చునేది కూడా అందుకే. ఊరిన నీళ్లు తేటపడకముందే ముంచితే తిట్లు పడేవి. ఏనుగు తాగి పోయాక అదే గుంత దగ్గరికి జింకలు, కోతులు, పక్షులు చేరతాయి.

నమీబియాలో ఒక ఎడారి నది ఉంది. అక్కడ ఏనుగులు పైన నీళ్లు నిలిచి ఉన్నా వాటి పక్కనే గుంత తీసుకుని తాగుతున్నాయి. పరిశోధకులు రెండు నీళ్లనూ పరీక్షించి చూశారు. పై నీళ్లలో పేడ వల్ల చేరే కోలిఫాం బ్యాక్టీరియా ఎక్కువ, ఇసుకలోంచి వడగట్టుకుని ఊరిన గుంత నీళ్లలో తక్కువ. 2013లో అచ్చైన ఆ పరిశోధన చదివాక నాకు ఏనుగు మీద గౌరవం ఇంకా పెరిగింది. దాహం తీర్చుకోవడమే కాదు, మంచి నీళ్లేవో కూడా దానికి తెలుసు.

ఆ తెలివికి తొండమే ఆధారం. తొండంలో ఒక్క ఎముక లేదు, మొత్తం కండే. వాసన పసిగట్టే జన్యువులు మనిషికి 400 దగ్గర ఉంటే కుక్కకు సుమారు 800. ఆఫ్రికా ఏనుగుకు 2000కు కాస్త తక్కువ. ఇంతవరకు లెక్కపెట్టిన జంతువుల్లో చాలావాటికంటే ఇది ఎక్కువ. నీళ్లు పీల్చేటప్పుడు ముక్కు రంధ్రాలను వెడల్పు చేసుకుని తొండంలో పట్టే నీళ్లను పెంచుకుంటుందని 2021లో అమెరికాలోని అట్లాంటా జూ ఏనుగు మీద చేసిన ప్రయోగాల్లో తేలింది.

ఎండను తట్టుకోవడానికి చెవులూ చర్మమూ ఉన్నాయి. చెవి వెనక చర్మం పలచన. దాని కింద రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. చెవులు ఆడిస్తే ఆ రక్తం చల్లబడి ఒంట్లోకి తిరిగి వెళ్తుంది. ఏనుగుకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అందుకే బురద పూసుకుంటుంది. ఆఫ్రికా ఏనుగు చర్మం మీద సన్నటి పగుళ్లు లెక్కలేనన్ని ఉంటాయి. నున్నటి చర్మం మీద నిలిచే నీటికి ఐదు నుంచి పది రెట్లు ఆ పగుళ్లలో నిలుస్తుంది. ఆ తడి మెల్లగా ఆరుతూ ఒంటిని చాలాసేపు చల్లగా ఉంచుతుంది.

ఇక కుటుంబం. ఏనుగుల గుంపంటే అమ్మమ్మ, తల్లులు, పిన్నమ్మలు, పిల్లలు. ఆడపిల్లలు పుట్టిన గుంపులోనే బతుకంతా ఉంటారు. మగపిల్లలు పద్నాలుగేళ్లు అటూఇటూగా బయటికి వెళ్లిపోతారు. కడుపుతో ఉండేది 22 నెలలు. పుట్టిన పిల్ల నూరు కిలోల పైమాటే. ఒక కాన్పుకీ ఇంకో కాన్పుకీ నాలుగైదేళ్ల ఎడం. కరువులో పిల్ల పోయిందంటే తల్లికి అన్నేళ్ల కష్టం పోయినట్టే. అందుకే దారి తెలిసిన పెద్దది ఒకటి గుంపులో ఉండటం ఆ పిల్లలకు ప్రాణాలతో సమానం.

ఆ పెద్ద ఏనుగు గుంపుతో ఎలా మాట్లాడుతుందన్నది చాలాకాలం మనకు వినపడనే లేదు. 1984లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ జూలో ఆసియా ఏనుగుల పక్కన నిలబడిన పరిశోధకురాలు కేటీ పేన్‌కు చెవికి ఏమీ వినిపించకుండానే గాలిలో ఒక అదురు తగిలినట్టు అనిపించింది. రికార్డు చేసి చూస్తే అవి ఏనుగుల పిలుపులే. మనిషి చెవి సెకనుకు 20 అదురుల (20 హెర్ట్జ్) కంటే తక్కువ శబ్దాన్ని పట్టుకోలేదు. ఆ పిలుపులు అంతకంటే లోతుకు దిగుతాయి. ఆ తర్వాత అంబోసెలిలో ఆఫ్రికా ఏనుగుల్లోనూ ఇదే ఉందని తేలింది. ఇంత లోతైన శబ్దం చెట్లూ పొదలూ దాటుకుని కిలోమీటర్లు పోతుంది. పొద్దుగూకాక నేల చల్లబడి పైన వెచ్చటి గాలి పొర నిలిస్తే, శబ్దం పైకి పోకుండా నేల పొడవునా సాగి పది కిలోమీటర్ల దాకా వినపడగలదు. ఏనుగులు సాయంత్రాలు ఎక్కువగా పిలుచుకోవడానికి అదే కారణం కావచ్చు. అదే శబ్దం నేలలోకీ దిగుతుంది. అరికాళ్లలోని కొవ్వు మెత్తల గుండా ఆ అదురును ఏనుగులు పసిగడతాయని నమీబియాలోని ఎటోషాలో కైట్లిన్ ఓకానెల్ చేసిన ప్రయోగాలు చూపించాయి.

వాయవ్య నమీబియాలో మెడకు జీపీఎస్ పట్టీలు కట్టిన ఏనుగుల మీద జరిగిన ఇంకో పరిశోధన 2014లో వెలువడింది. మా వైపు రైతులు అసూయపడే సంగతి ఇది. ఎండాకాలం చివర్లో ఈ ఏనుగులు తామున్న చోట చినుకు పడకముందే, కొన్ని రోజుల ముందుగానే, నడక దిశ మార్చుకున్నాయి. ఎక్కడో దూరాన, నూరు కిలోమీటర్లకు పైగా అవతల మొదలైన ఉరుముల వానల లోతైన శబ్దాన్ని వినే ఇలా చేస్తున్నాయని పరిశోధకుల అంచనా.

అంబోసెలిలో 1972 నుంచి సింథియా మాస్ ఒక్కో ఏనుగునూ పేరుతో గుర్తుపెట్టుకుంటూ వస్తున్న లెక్కలు లేకపోతే, పెద్ద ఏనుగు విలువ ఎంతో తూకం వేయడం కుదిరేది కాదు. కారెన్ మెక్‌కాంబ్ ఆ గుంపులకు తెలిసిన ఏనుగుల పిలుపులు, తెలియనివాటి పిలుపులు స్పీకర్లలో వినిపించింది. పెద్దావిడ వయసు ఎక్కువున్న గుంపులు కొత్తవాళ్ల గొంతు వినగానే దగ్గరికి చేరి కాచుకున్నాయి. తెలిసిన గొంతుకు ఊరికే హైరానా పడలేదు. వయసు తక్కువ పెద్దలున్న గుంపులు ఆ తేడా సరిగా పట్టుకోలేకపోయాయి. ఈ తేడా పిల్లల సంఖ్యలోనూ కనిపించింది. వయసు ఎక్కువున్న పెద్దలు నడిపే గుంపుల్లో ఎక్కువ పిల్లలు పుడుతున్నాయి. 2011లో సింహాల గర్జనలు వినిపించినప్పుడు కూడా అంతే. పిల్ల ఏనుగుకు ఆడ సింహం కంటే మగ సింహంతో ముప్పు ఎక్కువ. అరవై దాటిన పెద్దలు ఈ రెండు గర్జనలకూ తేడా బాగా పట్టాయి.

మనుషుల గొంతుల్లోనూ వాటికి ఎంపిక ఉంది. మసాయి పశువుల కాపరులు అప్పుడప్పుడు ఏనుగులను ఈటెలతో పొడుస్తారు. వ్యవసాయం చేసుకునే కంబా జనంతో వాటికి అంత గొడవ లేదు. ‘అటు చూడండి, ఏనుగుల గుంపు వస్తోంది’ అనే ఒకే మాటను రెండు భాషల్లో రికార్డు చేసి 2014లో వినిపించారు. మసాయి పెద్ద మగవాళ్ల గొంతుకే ఏనుగులు ఎక్కువగా వెనక్కి తగ్గాయి. అదే మసాయి భాషలో ఆడవాళ్లో, పిల్లవాళ్లో మాట్లాడితే అంత భయపడలేదు. ఎవరితో ప్రమాదమో భాషనూ, వయసునూ, ఆడామగనూ కలిపి తేల్చుకుంటున్నాయన్నమాట.

ఏనుగు వయసుకు హద్దు పెట్టేది పళ్లు. జీవితంలో ఆరు జతల దవడ పళ్లు ఒకదాని తర్వాత ఒకటి వెనక నుంచి ముందుకు జరుగుతూ వస్తాయి. అరగదీసినది ముందు నుంచి ముక్కలై రాలిపోతుంది. ఆరోది కూడా అరిగిపోయేది అరవై దాటాకే. అప్పుడు చెట్టు బెరడు నమలలేక చిత్తడి నేలల్లోని మెత్తటి గడ్డి మీదే బతుకుతుంది.

అంత వయసుదాకా బతికే ఏనుగులు ఇప్పుడు తక్కువ. దంతం ఏనుగు బతికినన్నాళ్లూ పెరుగుతుంది కాబట్టి, పెద్ద దంతాల కోసం వేటాడేవాడు ముందు చంపేది గుంపులో పెద్దదాన్నే. 18 దేశాల్లో విమానాల నుంచి లెక్కపెట్టి 2016లో ప్రకటించిన గణనలో సవన్నా ఏనుగులు సుమారు 3,52,000 తేలాయి. 2007 నుంచి 2014 లోపే 30 శాతం తగ్గాయి. ఈ అంకెలో పోయిన తలలే కనిపిస్తాయి. వాటిలో కరువు చూసినవి ఎన్నో ఏ గణనా చెప్పదు. తరంగీరే పరిసరాల్లోనూ 1970లు, 80లలో దంతాల వేట జోరుగా సాగింది. 33 ఏళ్ల ఏనుగు ఒక గుంపుకు పెద్ద కావాల్సి రావడం వెనక ఆ వేట ఉండి ఉంటుంది.

మగవాటిలో పెద్దలు లేకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలోని పిలనెస్‌బర్గ్‌లో తెలిసింది. క్రూగర్ పార్కులో ఏనుగులు ఎక్కువయ్యాయని పెద్దవాటిని చంపి, మిగిలిన పిల్లలను 1980ల నుంచి అక్కడికి తరలించారు. ఎదిగిన ఏనుగులను మోసుకెళ్లే వాహనాలు అప్పట్లో లేవు. ఆ అనాథ మగపిల్లలకు మామూలుగా ఇరవై అయిదు, ముప్పై ఏళ్లకు గాని రాని మదం చాలా ముందే వచ్చి, నెలల తరబడి దిగేది కాదు. 1992, 1997 మధ్య అవి నలభైకి పైగా తెల్ల ఖడ్గమృగాలను పొడిచి చంపాయి. 1998లో క్రూగర్ నుంచి ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి వదిలారు. తమకంటే బలమైనది ఎదురుపడగానే కుర్రవాటి మదం దిగిపోవడం మొదలైంది. మదం రోజులు తగ్గాయి. ఆ తర్వాత ఖడ్గమృగాలను చంపడం ఆగిపోయింది.