మయన్మార్: సైనికుల కొట్టుతో మొదలైన రాజ్యం

మయన్మార్‌లో 2025 డిసెంబర్ 28 నుంచి 2026 జనవరి 25 దాకా మూడు విడతల్లో ఎన్నికలు జరిగాయి. మాజీ సైనికాధికారులు నడిపే యూఎస్‌డీపీ పార్టీ గెలిచింది. 2021లో అధికారం లాక్కున్న సైన్యం, ఐదేళ్ల తర్వాత పౌర పాలనకు దారి వేశామని అంటోంది. యుద్ధం నడుస్తున్న చాలా టౌన్‌షిప్‌లలో అసలు పోలింగే పెట్టలేదు. 2020 ఎన్నికల్లో గెలిచిన ఎన్‌ఎల్‌డీ పార్టీని 2023లోనే రద్దు చేశారు. దాని నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ ఓటింగ్ జరుగుతున్న రోజుల్లో కూడా నిర్బంధంలోనే ఉన్నారు. ఇది ఎన్నికెలా అవుతుందని ప్రత్యర్థులు నిలదీస్తున్నారు.

సైన్యం కుర్చీ ఎప్పుడు దిగుతుందన్న దగ్గరే ఈ చర్చ ప్రతిసారీ ఆగిపోతుంది. కానీ అక్కడి సైన్యం చేతిలో ఉన్నది కుర్చీ ఒక్కటే కాదు. బ్యాంకు ఉంది, బీరు కంపెనీ ఉంది, జేడ్ (ఆకుపచ్చ విలువైన రాయి) గనులు, టీవీ చానల్, సొంత మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఇవన్నీ ఎక్కడ మొదలయ్యాయో చూస్తే ఈ ఎన్నికలు ఏమిటో కాస్త అర్థమవుతుంది.

స్వాతంత్ర్యం, ఆ పోరాటాన్ని నడిపిన ఆంగ్ సాన్ హత్య, కరెన్ జాతివాళ్ల తిరుగుబాటు చాలాసార్లు రాసినవే. 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం లాక్కున్న సంగతీ అంతే. అన్ని అనర్థాలూ ఆ తేదీ నుంచే లెక్కపెట్టడం అలవాటైపోయింది. నా లెక్కలో అసలు మలుపు అంతకు నాలుగేళ్ల ముందు, 1958లో ఉంది.

ఆ ఏడాది పాలక పార్టీ రెండుగా చీలింది. దిక్కుతోచని ప్రధాని ఊ నూ, ఆరు నెలల్లో ఎన్నికలు పెట్టమని చెప్పి నే విన్‌కు పగ్గాలు ఇచ్చారు. ఆరు నెలలు పద్దెనిమిది అయ్యాయి. సైనికాధికారులు వచ్చి పౌర శాఖల్లో కూర్చున్నారు. రంగూన్ (ఇప్పటి యాంగోన్) వీధులు ఊడ్పించారు, ధరలు తగ్గించారు, గుడిసెల్లో ఉన్న లక్షకు పైగా జనాన్ని ఊరి బయట కొత్త కాలనీలకు తరలించారు. ఒక్కళప, తాకేత అలా పుట్టిన పేటలే. పని జరిగింది, కాదనను. ఆ పనితోనే అధికారులకు ఒక నమ్మకం స్థిరపడింది: దేశం నడపడం మా వల్లే అవుతుంది, నాయకుల వల్ల కాదు.

అదే సమయంలో ఇంకో సంగతి జరిగింది. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. 1951లో సైన్యం జవాన్ల కోసం ఒక కొట్టు తెరిచింది. సైనికులకు సరుకులు చవకగా అందాలన్నదే ఉద్దేశం. డిఫెన్స్ సర్వీసెస్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు. పన్ను మినహాయింపులు దొరికాయి. మన మిలిటరీ క్యాంటీన్ లాంటిదే అనుకోవచ్చు, అక్కడే ఆగి ఉంటే. 1958 తర్వాత అడ్డు చెప్పేవారు లేకపోయారు. బ్యాంకు పెట్టింది, ఓడల కంపెనీ పెట్టింది, రంగూన్‌లో బస్సులు నడిపింది, తెల్లదొరల కాలం నాటి పెద్ద డిపార్ట్‌మెంటల్ స్టోర్ కొనేసింది. 1960 నాటికి దేశంలో దానికి మించిన వ్యాపార సంస్థ లేదు. జవాను తన కొట్టులో కొని, తన బ్యాంకులో దాచుకునే ఏర్పాటు అక్కడ మొదలైంది. బయట ధరలు మండుతున్నా ఆ వేడి బ్యారక్‌లోకి రాదు. ప్రజలతో కష్టసుఖాలు పంచుకోవాల్సిన అవసరమే లేని సైన్యం తయారైంది. నా దృష్టిలో తర్వాతి కథంతా దీని కొనసాగింపే.

1960 ఫిబ్రవరిలో ఎన్నికలు పెట్టారు. అధికారుల మొగ్గు ఊ నూ ప్రత్యర్థి వర్గం వైపు. జనం మాత్రం శుభ్రమైన వీధులు చూసి కూడా ఊ నూకే ఓటేశారు. 1990లో, 2015లో, 2020లో కూడా అంతే: పోటీకి అసలైన ప్రత్యర్థి ఉన్న ప్రతిసారీ సైన్యం కోరుకున్నవాళ్లు ఓడిపోయారు.

సైన్యం వాదన కూడా చెప్పాలి. 1947 రాజ్యాంగం షాన్, కయా రాష్ట్రాలకు పదేళ్ల తర్వాత విడిపోయే హక్కు ఇచ్చింది. ఆ గడువు 1958లో తీరింది. 1962లో షాన్ నాయకులు సమాఖ్య గురించి చర్చలకు కూర్చున్నారు. దేశం ముక్కలు కాకుండా కాపాడామని సైన్యం ఇప్పటికీ చెబుతుంది. ఆ తర్వాత అరవై ఏళ్లు దాటినా సరిహద్దు కొండల్లో యుద్ధం ఆగలేదు.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. ఉత్తరాంధ్రలో పాతవాళ్లకు రంగూన్ అంటే రంగం. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ఊళ్ల నుంచి రంగం వెళ్లి ఓడరేవులో మూటలు మోసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు, చిన్న కొట్లు పెట్టుకున్నవాళ్లు వేలల్లో ఉండేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మా వాళ్లు తెలుగువాళ్లను కోరంగీలనేవారు. నే విన్ ప్రభుత్వం 1963లో బ్యాంకులు, 1964 మార్చిలో కొట్లు జాతీయం చేసింది. ఆ మే నెలలో 50, 100 చాట్ల (అక్కడి కరెన్సీ) నోట్లు రద్దయ్యాయి. మూడు లక్షల దాకా భారతీయులు దేశం విడిచారు. జీవితాంతం కూడబెట్టింది వదిలేసి దాదాపు చేతులూపుకుంటూ ఓడెక్కారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అని పేరున్న పేట ఆ రోజుల గుర్తే. సైన్యం ఒక దేశాన్ని ఎంత లోతుగా మార్చగలదో ఆ కుటుంబాలు పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

కొట్టు కథకు మళ్లీ వద్దాం. 1988 ప్రజాస్వామ్య ఉద్యమాన్ని కాల్చి అణచిన జనరళ్లు 1990లో ఎంఈహెచ్ఎల్, 1997లో ఎంఈసీ అనే రెండు కంపెనీలు పెట్టారు. మొదటిదానిలో వాటాలు సైనికులవి, దళాలవి. ఈ రెండింటి చేతిలో కనీసం 120 వ్యాపారాలు ఉన్నాయని ఐక్యరాజ్యసమితి నిజ నిర్ధారణ బృందం 2019లో లెక్క తేల్చింది. ఇక 2008 రాజ్యాంగం పార్లమెంటులో పావు వంతు సీట్లు యూనిఫాం వాళ్లకే రాసిచ్చింది. ముఖ్యమైన సవరణకు 75 శాతానికి పైగా ఓట్లు కావాలి. అంటే సైన్యం సరే అనకుండా ఆ రాజ్యాంగంలో ఒక్క ముఖ్యమైన మాటా మారదు. రక్షణ, హోం, సరిహద్దు శాఖలు కూడా వాళ్లవే. ఇప్పుడు గెలిచిన పార్టీ వచ్చి కూర్చునేది ఈ ఇంట్లోనే.

జనానికి ఇది బాగా తెలుసు. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్లీ అధికారం లాక్కున్నప్పుడు డాక్టర్లు ముందుగా విధులు మానేశారు. రాత్రి ఎనిమిదింటికి ఇళ్లలో గిన్నెలు మోగించారు. దుష్టశక్తులను తరమడానికి అక్కడ పాటించే పాత ఆచారం అది. చాలామంది మయన్మార్ బీర్ తాగడం మానేశారు. ఆ కంపెనీలో భాగస్వామిగా ఉన్న జపాన్ సంస్థ కిరిన్, సైన్యంతో తెగతెంపులు చేసుకుంటామని అదే నెలలో ప్రకటించింది.

బ్యారక్‌కు, బజారుకు మధ్య ఉన్న గోడను సైన్యమే 2024 ఫిబ్రవరిలో దాటింది. అయితే జనం ఇళ్లలోని పిల్లలను సైన్యంలోకి లాక్కోవడానికి. 2010 నాటి నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని బయటికి తీసి, 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు, 18 నుంచి 27 ఏళ్ల ఆడవాళ్లు సేవకు రావాలంది. రెండేళ్లు, అత్యవసరమైతే ఐదేళ్లు. యాంగోన్‌లో థాయ్ ఎంబసీ ముందు బారులు తీరారు. మాండలేలో పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గర తొక్కిసలాటలో ఇద్దరు మహిళలు చనిపోయారు. మే నెలలో మగవాళ్లకు విదేశీ ఉద్యోగ అనుమతులు ఆపేశారు. అప్పటి నుంచి చాలామంది కుర్రాళ్లు రాత్రిపూట సరిహద్దులోని మోయి నది దాటి, కాగితాలు లేకుండా, థాయ్‌లాండ్‌లోని మే సోట్ చేరుతున్నారు.