బయటి రాష్ట్రంలో నర్సింగ్ చదివితే ఒడిశాలో చెల్లుతుందా? అపోహలు – వాస్తవాలు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా ఇంటికి తల్లిదండ్రులు రావడం మొదలవుతుంది. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. అమ్మాయిని శ్రీకాకుళమో, విశాఖో, బెంగళూరో పంపి నర్సింగ్ చదివిద్దామనుకుంటారు. ఉద్యోగం మాత్రం బరంపురంలోనో రాయగడలోనో, ఇంటికి దగ్గర్లో కావాలి. నేనూ విశాఖలో చదివి ఒడిశాలో పనిచేస్తున్న నర్సింగ్ ట్యూటర్‌నే కాబట్టి నన్ను అడుగుతారు.

అపోహ: బయటి రాష్ట్రం సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు.

వాస్తవం: పనికొస్తుంది. 1947 నాటి భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, గుర్తింపు పొందిన అర్హత ఉన్నవాళ్ళు ఏ రాష్ట్ర రిజిస్టర్‌లోనైనా పేరు నమోదు చేయించుకోవచ్చు. గుర్తింపు లేని చదువుకు మాత్రం ఆ హక్కు లేదు.

అపోహ: కాలేజీ బోర్డు మీద "ఐఎన్‌సీ (భారత నర్సింగ్ కౌన్సిల్) గుర్తింపు" అని ఉంటే చాలు.

వాస్తవం: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. గుర్తింపు ఒకసారి వస్తే ఎప్పటికీ ఉండిపోయేది కాదు. కౌన్సిల్ జాబితా విద్యాసంవత్సరం వారీగా, కోర్సు వారీగా, ఎన్ని సీట్లో చెబుతూ వస్తుంది. జీఎన్‌ఎంకు, అంటే మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమాకు, అనుమతి ఉన్న కాలేజీకి బీఎస్సీ నర్సింగ్‌కు లేకపోవచ్చు. నలభై సీట్లకు అనుమతి తెచ్చుకుని అరవైమందిని చేర్చుకుంటే, ఆ మిగతా ఇరవైమంది గతేమిటి?

గుణుపురం వైపు అమ్మాయి ఒకామె ఏజెంటు మాట నమ్మి దూరంగా ఒక కాలేజీలో జీఎన్‌ఎం చేరింది. మూడేళ్ళు చదివింది, నైట్ డ్యూటీలు చేసింది, పాసైంది. తీరా రిజిస్ట్రేషన్‌కు వెళ్తే, ఆమె చేరిన ఏడాది జాబితాలో ఆ కాలేజీ పేరే లేదని తేలింది. వాళ్ళ నాన్న పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టాడు. ఆ కాగితాలు నా ముందు పెట్టి "ఏదైనా దారి చెప్పండి మేడం" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే చేతులెత్తి అడుగుతున్నాను: ఫీజు కట్టకముందే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది జాబితా తెరిచి, కాలేజీ పేరు, కోర్సు, సీట్లు మీ కళ్ళతో చూడండి. ఆ కాలేజీ ఉన్న రాష్ట్ర కౌన్సిల్‌నూ అడగండి. ఏజెంటు ఫోన్‌లో చూపించే ఫొటోను నమ్మకండి.

అపోహ: ఒక రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉంటే దేశమంతా పనిచేయొచ్చు.

వాస్తవం: ఎక్కడ చదివితే అక్కడి కౌన్సిల్‌లో ముందు నమోదవ్వాలి. తర్వాత అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని ఒడిశా కౌన్సిల్‌కు దరఖాస్తు చేయాలి. మీ వివరాలు నిజమేనా అని ఈ కౌన్సిల్ ఆ కౌన్సిల్‌ను అడిగి తెలుసుకుంటుంది. దీనికి టైం పడుతుంది. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, డిప్లొమాలో ఇంకోలా ఉండటంతో నా ఫైలు నెలల తరబడి ఆగిపోయింది. చేతికొచ్చిన ఉద్యోగం పోతుందేమోనని పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. పేరులో తేడా ఉంటే చదువుతుండగానే సరిచేయించుకోండి. నర్సులకు దేశమంతటికీ ఒకటిగా ఇచ్చే ఎన్‌యూఐడీ నంబరు ఉంది కదా అంటారు కొందరు. అది మిమ్మల్ని గుర్తుపట్టే నంబరు, ఇక్కడి రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు.

అపోహ: 2023లో కొత్త చట్టం వచ్చింది, ఇక రాష్ట్ర కౌన్సిళ్ళతో పనిలేదు.

వాస్తవం: జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టంలో జాతీయ రిజిస్టర్‌తో పాటు రాష్ట్ర రిజిస్టర్లూ ఉన్నాయి.

ఇక అపోహ అని కూడా అనలేను, ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. ఒడిశా ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి, బడిలో ఒడియా చదివినట్టు రుజువూ అడుగుతారు. ఇంట్లో తెలుగు, బళ్ళో తెలుగు, కాలేజీ ఆంధ్రాలో అయిన మన పిల్లలు అక్కడ ఆగిపోతున్నారు. ఒడియా చదవనివాళ్ళ కోసం సెకండరీ బోర్డు పరీక్ష పెడుతుంది. మీ అమ్మాయి నర్సింగ్ మొదటి ఏడాదిలో ఉంటే, ఈ సెలవుల్లోనే పుస్తకం పట్టించండి.