నోరు చెప్పలేని నొప్పి

పక్షవాతంతో మాట పడిపోయిన మనిషిని నర్సు పక్కకు తిప్పుతోంది. నొప్పిగా ఉందా అంటే జవాబు లేదు. కానీ కుడి భుజం కింద చెయ్యి పెట్టగానే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి, ఎడమ చెయ్యి దుప్పటి అంచును బిగించి పట్టుకుంది. ఇంకేం చెప్పాలి?

నొప్పి ఎంతుందో సున్నా నుంచి పదిలోపు చెప్పమని అడగడం మామూలు పద్ధతి. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్షీణించే జబ్బు, ముదిరినవాళ్లు అలా చెప్పలేరు. వాళ్ల కోసం 2003లో పెయినాడ్ అనే కొలత వచ్చింది. ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే కుదుటపడటం, ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. ఊరికే పడుకున్నప్పుడు చూస్తే సరిపోదు, కదిపేటప్పుడూ చూడాలి. అసలు నొప్పి చాలాసార్లు అప్పుడే బయటపడుతుంది.

ఆ భుజం సంగతే తీసుకోండి. కండరాలు పట్టు తప్పాక చేతి బరువుకు కీలు కిందికి జారుతుంది. చంకలో చెయ్యి వేసి లేపినా, ఆ చెయ్యి పట్టి లాగినా నొప్పి ఇంకా పెరుగుతుంది. చేతి కింద దిండు పెట్టడం కూడా వైద్యమే.

కొన్ని నొప్పులకు పైకి గాయమే ఉండదు. మెదడులో స్పర్శ, నొప్పి సంకేతాలు చేరే థాలమస్ అనే భాగం దెబ్బతింటే దుప్పటి తగిలినా మంటగా ఉండవచ్చు. దీన్ని 1906లోనే డెజెరిన్, రూసీ అనే వైద్యులు వివరించారు. పారాసిటమాల్‌కు ఇది సాధారణంగా లొంగదు, డాక్టరు వేరే రకం మందులు రాస్తారు. ఇలాంటి మనిషిని "నటిస్తున్నాడు" అనడం నాకు క్రూరంగా అనిపిస్తుంది.

వెన్నుపాము ఛాతీ పైభాగంలోనో మెడలోనో దెబ్బతిన్నవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మూత్రాశయం నిండిపోయినా వాళ్లకు తెలియదు. ఆ సంకేతం మెదడుకు చేరదు, కానీ వెన్నుపాము దాకా వస్తుంది. దాంతో కింది భాగంలో రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. రోగికి తెలిసేది తల పగిలిపోయే నొప్పి, ముఖాన చెమట మాత్రమే. తలనొప్పి మాత్ర ఇచ్చి వెళ్లిపోతే మెదడులో రక్తస్రావం కావచ్చు. అనుభవమున్న నర్సు ముందు ఆయన్ని నిటారుగా కూర్చోబెడుతుంది, బిగుతు బట్టలు వదులు చేస్తుంది, డాక్టరుకు కబురు పెడుతూనే మూత్రం గొట్టాన్ని చేత్తో తడుముతుంది. తొడ కింద మెలిపడి ఉంటే సరిచేస్తుంది. సంచిలోకి మూత్రం దిగడం మొదలయ్యాక కూడా అక్కడే నిలబడి, కొద్ది నిమిషాలకోసారి బీపీ చూస్తూ ఉంటుంది.